నడుం నొప్పికి విటమిన్ మాత్రలు ఎలా వాడాలి?

బెంగళూరులో మన తెలుగువాళ్ల ఇంట్లో ఎవరికైనా నడుం పట్టేస్తే సలహాలకు కొదవ ఉండదు. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి నువ్వుల నూనె రాసి కాపడం పెట్టుకోమంటుంది. ఆఫీసులో పక్క సీటాయన డి విటమిన్ చూపించుకోమంటాడు. సందు చివర మెడికల్ షాపులో ‘సొంట నోవు’ (కన్నడంలో నడుం నొప్పి) అనగానే ఒక కాల్షియం స్ట్రిప్పు, ఒక బి-కాంప్లెక్స్, నాలుగు డి3 (డి విటమిన్) పొడి సాచెట్లు కవర్లో వేసి చేతిలో పెడతారు. అమ్మ చెప్పిన కాపడంతో నష్టం లేదు. ఆ కవర్‌తోనే జాగ్రత్తగా ఉండాలి. అందులోవన్నీ మంచి మందులే. కానీ ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నది తెలియకుండా వాడితే డబ్బు పోతుంది, ఒక్కోసారి కిడ్నీల మీదికి వస్తుంది. మా ఇంట్లో అది జరిగింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

విటమిన్ నొప్పి మాత్ర కాదు. ఒంట్లో లోటు ఉంటే దాన్ని పూడుస్తుంది, ఆ లోటు వల్ల వచ్చిన నొప్పి అయితే నెమ్మదిగా తగ్గుతుంది. లోటు లేనివాళ్లు ఎన్ని మింగినా నడుం నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లో తేలలేదు. కాబట్టి మాత్ర కొనడం మొదటి పని కాదు, మూడో పనో నాలుగో పనో అవుతుంది.

మొదట: ఇది మాత్రలతో ఆగే నొప్పేనా?

నిండు గ్యాస్ సిలిండర్ ఎత్తారు, లేదా హిందూపురం నుంచి బైక్ మీద వచ్చారు, మర్నాడు నడుం పట్టేసింది. ఇలాంటివి చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. దీనికి రక్త పరీక్షలూ అక్కర్లేదు, విటమిన్లూ అక్కర్లేదు. కాపడం పెట్టుకోండి, మెల్లగా తిరుగుతూ ఉండండి.

కానీ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా విటమిన్ల మాట పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మూత్రం పట్టు తప్పడం లేదా అసలు రాకపోవడం, మలం తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, కాలు బలం తగ్గి పాదం ఈడ్చుకుపోవడం. ఇవి ఉంటే రేపటిదాకా కూడా ఆగకూడదు, అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి ఉంటే వెన్నెముకకు టీబీ సోకిందేమో చూడాలి. మన దేశంలో అది అరుదైన జబ్బేమీ కాదు. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్లు, కిందపడ్డాక నొప్పి మొదలైన పెద్దవాళ్లు కూడా ముందు డాక్టర్‌కే చూపించుకోవాలి.

ఇంకొక రకం ఉంది, దీన్ని చాలామంది ఏళ్ల తరబడి గుర్తించరు. వయసు నలభై లోపు, పొద్దున లేవగానే నడుం అరగంటకు పైగా బిగుసుకుపోతుంది, తిరుగుతుంటే తగ్గుతుంది, పడుకుంటే పెరుగుతుంది. ఇది వెన్ను కీళ్ల వాపు కావచ్చు. డి3 సాచెట్లతో దీన్ని నెట్టుకొస్తే విలువైన కాలం పోతుంది. కీళ్లవాతం చూసే రుమటాలజిస్టుకు చూపించుకోవాలి.

ప్రైవేటు ఖర్చు భరించలేకపోతే జయనగర్‌లో సంజయ్ గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్స్ సంస్థ ఉంది. ప్రత్యేకంగా ఎముకల వైద్యానికే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి అది. కన్నడం రాదని వెనకాడకండి. నడుం నొప్పిని సొంట నోవు అంటారు, వీపు నొప్పిని బెన్ను నోవు అంటారు. ఆ రెండు మాటలు చాలు, మిగతాది చేత్తో చూపిస్తే అర్థమవుతుంది.

తర్వాత: మాత్ర వేసుకోకముందే పరీక్ష

నొప్పి ఆరు వారాలు దాటింది, పైన చెప్పిన ప్రమాద సూచనలేవీ లేవు. అప్పుడు లోటు ఉందేమో చూడటంలో అర్థం ఉంది. కింది లక్షణాలుంటే మరీ ముఖ్యం.

డి విటమిన్ బాగా తగ్గితే పెద్దవాళ్లలో ఎముకలు మెత్తబడతాయి. అప్పుడు నొప్పి ఒక్క చోట పొడిచినట్టు ఉండదు. నడుం, తుంటి, తొడలు అంతా ఒకటే సలుపు. నేల మీద కూర్చుంటే చేతి ఊతం లేకుండా లేవలేరు, మెట్లెక్కుతుంటే తొడలు బరువెక్కుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు ‘వాతం చేసింది’ అంటుంటే ఒకసారి పీట మీంచి లేవమని చూడండి. నాకు డాక్టర్ చెప్పిన తేలికైన గుర్తు ఇది.

బి12 లోటు తీరు వేరు. నడుం నొప్పి దాని ముఖ్య లక్షణం కాదు. అరికాళ్లలో మంటలు, వేళ్లలో తిమ్మిర్లు, దూది మీద నడిచినట్టు ఉండటం, నీరసం, మతిమరుపు, ఇవీ దాని గుర్తులు. నడుం నుంచి కాలిలోకి లాగే సయాటికాను, బి12 తక్కువై వచ్చే పాదాల మంటను కలిపేసుకుని తికమకపడేవాళ్లు చాలామంది. సయాటికా ఎక్కువగా ఒక కాలికే వస్తుంది. బి12 లోటు మామూలుగా రెండు పాదాల్లోనూ ఒకేలా తెలుస్తుంది.

ల్యాబులో ‘25 హైడ్రాక్సీ విటమిన్ డి’, ‘విటమిన్ బి12’ అని అడగండి. ఎముకలు మెత్తబడ్డాయన్న అనుమానం ఉంటే డాక్టర్ కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా రాస్తారు. నూట ముప్ఫై పరీక్షల ఫుల్ బాడీ ప్యాకేజీ నడుం నొప్పికి అక్కర్లేదు. రక్తం ఇచ్చేవరకు ఏ విటమినూ మొదలుపెట్టకండి. రెండు బి12 మాత్రలు వేసుకుని వెళ్తే అంకె పైకి వస్తుంది, అసలు లోటు దాగిపోతుంది.

రిపోర్టు చదివేటప్పుడు అంకె పక్కన ఉన్న యూనిట్ చూడండి. డి విటమిన్‌ను మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తే 20 కన్నా తక్కువ లోటు, 20 నుంచి 30 మధ్య చాలీచాలనిది, 30 దాటితే చాలు అని ఎక్కువమంది డాక్టర్లు లెక్కపెడతారు. కొన్ని రిపోర్టుల్లో నానోమోల్స్ ఉంటాయి. అప్పుడు అంకెను 2.5తో భాగించాలి. 45 నానోమోల్స్ అంటే 18 నానోగ్రాములే. ఆ ఒక్కటీ గమనించక ‘45 ఉంది, బాగానే ఉంది’ అనుకున్నవాళ్లు నాకు తెలుసు. బి12 అయితే మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తగ్గితే లోటుగా చూస్తారు. 200, 300 మధ్య ఉంటే లక్షణాలను బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు.

డి విటమిన్: వారానికి ఒకటి, ఒకటే

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

షాపులో దొరికే సాచెట్‌లో గానీ మెత్తటి క్యాప్సూల్‌లో గానీ మామూలుగా 60,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల్లో పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 600 ఐయూ. అంటే ఒక్క సాచెట్‌లో వంద రోజుల మోతాదు ఉంది. లోటు ఉన్నవాళ్లకు డాక్టర్లు మామూలుగా వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు. తర్వాత నెలకు ఒకటి గానీ, రోజూ చిన్న మోతాదు గానీ ఇస్తారు.

మా మేనత్తకు బెంగళూరులో డాక్టర్ సరిగ్గా అలాగే రాశారు. కొన్న మెడికల్ షాపులో మాత్రం అలవాటు కొద్దీ కవర్ మీద 1-0-0 అని గీశారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం సున్నా, రాత్రి సున్నా. ఆవిడ చీటీ ఫైలులో పెట్టేసి, కవర్ ఒక్కటే హిందూపురం తీసుకెళ్లారు. రోజూ పొద్దున పాలల్లో కలుపుకుని తాగారు. అయిపోతే కవర్ చూపించి మళ్లీ తెప్పించుకున్నారు. ఆరు వారాల పైన నడిచింది. మొదట మలబద్ధకం, తర్వాత అన్నం సయించకపోవడం, వాంతులు, ఎంత తాగినా తీరని దాహం. గ్యాస్ అనుకున్నాం అందరం. మాట తడబడటం మొదలయ్యాక బెంగళూరు తీసుకొచ్చాం. రక్తంలో కాల్షియం బాగా పెరిగిపోయి ఉంది, క్రియాటినిన్ కూడా పెరిగింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇంటికొచ్చాక కూడా డి విటమిన్ అంకె దిగడానికి నెలలు పట్టింది. ఎందుకంటే ఇది నీళ్లలో కరిగి మూత్రంలో పోయే విటమిన్ కాదు, ఒంట్లోని కొవ్వులో నిల్వ ఉంటుంది. ఫోన్లో ‘మందులు వేసుకుంటున్నావా అత్తా’ అని అడిగాను తప్ప ‘ఎలా వేసుకుంటున్నావు’ అని అడగలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

కాబట్టి ఇలా చేయండి. వారంలో మీకు అనువైన ఒక రోజును ఎంచుకోండి, ఆదివారం అనుకుందాం. గోడ మీద తెలుగు క్యాలెండర్‌లో ఎనిమిది ఆదివారాలకు గుండ్రంగా గీత గీయండి. వేసుకోగానే కొట్టేయండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు పంపుతుంటే ప్రతి సాచెట్ మీద తేదీ రాసి పంపండి. కవర్ మీద అంకెలు కాకుండా ‘వారానికి ఒక్కటే, ఆదివారం’ అని అక్షరాల్లో రాయించండి. కన్నడంలో షాపువాళ్లు ‘వారక్కొందు’ అంటే వారానికొకటి, ‘దినక్కొందు’ అంటే రోజుకొకటి. విన్నదాన్ని తిరిగి చెప్పి ఖాయం చేసుకోండి.

పరగడుపున వేసుకోకండి. కొవ్వుతో కలిసినప్పుడే ఇది బాగా ఒంటపడుతుంది. నెయ్యి వేసుకున్న పప్పన్నం తిన్నాక గానీ, వెన్న తీయని పాలతో గానీ వేసుకోండి. ఒక ఆదివారం మరిచిపోతే గుర్తొచ్చిన రోజు వేసుకుని అక్కడి నుంచి వారం లెక్కపెట్టుకోండి. రెండు కలిపి వేసుకోవద్దు.

కిడ్నీ జబ్బు, కిడ్నీలో రాళ్లు, పారాథైరాయిడ్ (రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే గ్రంథి) సమస్య, టీబీ, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల చిన్న గడ్డలు కట్టే జబ్బు) ఉన్నవాళ్లు, గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లు డాక్టర్ చెప్పకుండా ఒక్క సాచెట్ కూడా ముట్టకూడదు. పసిపిల్లలకు పెద్దల సాచెట్ సగం చేసి ఇవ్వడం అసలే వద్దు.

ఇక ఎండ సంగతి. పొద్దున ఏడింటి నీరెండలో నిలబడితే డి విటమిన్ వస్తుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. నీరెండ ఒంటికి హాయిగా ఉంటుంది నిజమే. కానీ చర్మంలో డి విటమిన్ తయారు కావడానికి కావాల్సిన అతినీలలోహిత-బి కిరణాలు అప్పుడు చాలా తక్కువ. మీ నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉండే వేళ కావాలి, అంటే సుమారు పదకొండు నుంచి రెండు మధ్య. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి చల్లగా ఉందని ఎండ కూడా మెత్తనిదే అనుకోకండి. వారంలో మూడు నాలుగు రోజులు చేతులకు, కాళ్లకు ఇరవై నిమిషాలు తగిలితే చాలు, కమిలేదాకా నిలబడక్కర్లేదు. ఆఫీసు అద్దాల వెనక కూర్చుంటే లెక్కలోకి రాదు. అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. మధ్యాహ్నం భోజనానికి కిందికి దిగినప్పుడు చెట్టు నీడలో కాకుండా ఎండలో ఒక చుట్టు తిరగండి.

కాల్షియం: ముందు కంచంలో చూడండి

పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 1,000 మిల్లీగ్రాములు. మాత్ర కొనేముందు మీ కంచంలో ఎంత ఉందో లెక్కేయండి. వంద గ్రాముల రాగి పిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మన రాయలసీమ వాళ్లకు సంగటి అలవాటే, ఇక్కడ దాన్నే ముద్దె అంటారు. ఓ మాదిరి ముద్దతో 250 మిల్లీగ్రాములు వస్తాయి. రెండు గ్లాసుల పాలు, ఒక కప్పు పెరుగు కలిపితే దాదాపు 900 అవుతుంది. నువ్వుల పొడి, మునగాకు, ముళ్లతో సహా తినే చిన్న చేపలు కూడా మంచివే. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేట్ దాన్ని ఒంటపట్టనివ్వదు. పీజీ హాస్టల్లో ఉండి మూడు పూటలా ఇడ్లీ, అన్నం, రసంతో గడిపేవాళ్లకు మాత్రం నిజంగానే తక్కువ పడుతుంది.

మాత్ర తప్పదంటే డబ్బా వెనక చదవండి. 1,250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేట్ అంటే మీకు అందేది 500 మిల్లీగ్రాముల కాల్షియమే. కార్బనేట్ రకం భోజనంతో వేసుకోవాలి, సిట్రేట్ రకం ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఒకేసారి 500 మించితే ఒంటపట్టేది తగ్గుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఇవ్వాలి, లేకపోతే థైరాయిడ్ మందు పని చేయదు. పొద్దున థైరాయిడ్, రాత్రి భోజనంతో కాల్షియం పెట్టుకుంటే తేలిక. ఐరన్ మాత్రకు కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

బి12, బి-కాంప్లెక్స్

మాంసం, చేప, గుడ్డు, పాలు, వీటిలోనే బి12 సహజంగా దొరుకుతుంది. శాకాహారులు, పాలు కూడా తగ్గించినవాళ్లు, షుగర్‌కు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, పొద్దున్నే పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర లేనిదే గడవనివాళ్లు తప్పక పరీక్ష చేయించుకోవాలి. ఆ రెండు మందులూ దీర్ఘకాలంలో బి12 ఒంటపట్టకుండా చేస్తాయి. అలాగని షుగర్ మాత్ర ఆపేయకండి, బి12 కలుపుకుంటే సరిపోతుంది.

లోటు బాగా ఉంటే, తిమ్మిర్లు ఉంటే డాక్టర్ సూదులు రాస్తారు. కొద్దిగా ఉంటే మాత్రలు చాలు. నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుంది, రెండు వారాల్లో తేడా లేదని మానేయకండి. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడటం మంచిది కాదు. రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

బి-కాంప్లెక్స్ వేసుకుంటే మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తుంది. టెన్షన్ పడకండి, అది రైబోఫ్లావిన్ (బి2 విటమిన్) రంగు. చూడాల్సింది బి6 మోతాదు. ఎక్కువ మోతాదు బి6 నెలల తరబడి వాడితే అదే కాళ్లలో తిమ్మిర్లు తెస్తుంది. రెండు మూడు రకాల డబ్బాలు ఒకేసారి వాడేవాళ్లు అన్నింటిలోని బి6 కూడి చూసుకోవాలి.

‘నరాల విటమిన్’ పేరుతో ఇచ్చే కొన్ని క్యాప్సూళ్లలో మిథైల్‌కోబాలమిన్‌తో (బి12లో ఒక రకం) పాటు ప్రీగాబలిన్ ఉంటుంది. అది విటమిన్ కాదు, డాక్టర్ చీటీ మీదే వాడాల్సిన మందు. మత్తు, కళ్లు తిరగడం ఉంటాయి. అది వేసుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద బైక్ నడపడం ఎంత ప్రమాదమో ఊహించండి.

షాపులోనే వదిలేయాల్సినవి

గ్లూకోసమైన్ ఖరీదైనది, నడుం నొప్పికి బాగా అమ్ముడవుతుంది. నార్వేలో 250 మంది దీర్ఘకాల నడుం నొప్పి రోగులకు రోజుకు 1,500 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలలు ఇచ్చి చూశారు. 2010లో ఫలితం ప్రచురించారు. మందు లేని ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా కనిపించలేదు. మెగ్నీషియం, సి విటమిన్, కొల్లాజెన్ పొడులు నడుం నొప్పి తగ్గిస్తాయనడానికి కూడా గట్టి ఆధారం లేదు.

డాక్టర్ రాసిన కాల్షియం, బి12 రకాలు జన ఔషధి కేంద్రాల్లో చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో సప్లిమెంట్ కొంటే డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. అది లేనిది కొనొద్దు.

మాత్రలు పని చేసేలోపు మీరు చేయాల్సింది

డి విటమిన్ లోటు తీరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా మంచం పట్టకండి. దీర్ఘకాల నడుం నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామానికి పెద్దపీట వేసింది. నడుం బెల్టులు, ట్రాక్షన్ (వెన్నును లాగి పట్టే చికిత్స) మామూలుగా వాడొద్దంది. రోజూ నడవండి. కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ దూరమైతే సర్జాపూర్ రోడ్డు వైపు వాళ్లకు కైకొండ్రహళ్లి చెరువు చుట్టూ మంచి బాట ఉంది. మొదటి వారం పది నిమిషాలు చాలు, వారానికి అయిదు నిమిషాలు పెంచుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులు నెమ్మదిగా పైకెత్తి అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి, పదిసార్లు. ల్యాప్‌టాప్ ముందు అరగంటకోసారి లేచి నిలబడండి. కాల్స్ వస్తే నడుస్తూ మాట్లాడండి.

మూడు నెలలకు మళ్లీ చూసుకోవడం

మొదటి రోజే ఒక కాగితం మీద మూడు సంగతులు రాసి పెట్టుకోండి: నొప్పి పదికి ఎంత, నేల మీంచి ఊతం లేకుండా లేవగలుగుతున్నారా, ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలుగుతున్నారు. నెలకోసారి పక్కనే కొత్త అంకె రాయండి. మూడు నెలలకు డి విటమిన్, డాక్టర్ చెబితే బి12, కాల్షియం పరీక్ష చేయించుకుని రెండు కాగితాలూ కలిపి డాక్టర్‌కు చూపించండి.

డి విటమిన్ 30 దాటింది, లేవడం తేలికైంది, నొప్పి సగం తగ్గింది అంటే లోటే కారణమై ఉండొచ్చు. నెలవారీ మోతాదుకు మారండి. అంకె 30 దాటినా నొప్పి కదల్లేదంటే ఇంకో ఎనిమిది సాచెట్లు కొనకండి. ఆ డబ్బుతో ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగు సిట్టింగులు తీసుకుని, మీ నడుంకు తగిన వ్యాయామాలు నేర్చుకుని ఇంట్లో చేసుకోండి. అంకె అసలు పెరగలేదంటే వేసుకున్న తీరు సరిగా ఉందో లేదో చూడాలి, పేగుల్లో ఒంటపట్టని సమస్య ఉందేమో డాక్టర్‌ను అడగాలి.

ఊళ్లో పెద్దవాళ్లు ఇవి వాడుతుంటే ఈ రోజే ఒక వీడియో కాల్ చేయండి. సాచెట్లు కెమెరా ముందు పెట్టమని ఎన్ని మిగిలాయో మీరే లెక్కపెట్టండి.